తాళం బొమ్మ

బెంచీకి ఒక కాలు పొట్టి. కాస్త కదిలితే కిర్రుమంటుంది, కిర్రుమన్నప్పుడల్లా రైటరు కాగితాల్లోంచి తలెత్తి చూస్తాడు, అందుకని మునికుమార్ ఒళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా బల్ల మీద అతని సీపీయూ. దాన్నీ పట్టుకొచ్చారు. అతన్నేమో జీపులో వెనకాల స్టెప్నీ పక్కన కూలేశారు, దాన్ని మాత్రం కానిస్టేబుల్ దేవరాజులు ముందు సీట్లో చంటిబిడ్డలాగా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. దానికున్న మర్యాద నాకు లేకపోయిందే అనుకుంటే దారిలో నవ్వొచ్చింది, ఆ నవ్వు స్టేషను మెట్లెక్కేసరికి చచ్చిపోయింది. కరెంటు లేదు. ఫ్యాను రెక్కకి బూజు వేలాడుతోంది, తిరిగే ఫ్యానుకి బూజెలా పడుతుంది, అంటే ఇది కరెంటున్నా తిరగదన్నమాట, ఇలాంటివి ఇప్పుడెందుకు తోస్తాయో, తోచాల్సింది ఒక్కటే కదా, చెప్పాలా వద్దా. బయట రోడ్డు మీద గుండు గీయించుకున్న కుటుంబం ఒకటి పోతోంది, తండ్రికీ కొడుక్కీ నెత్తిన గంధం, కొడుకు నున్నటి తల తడుముకుంటూ తనలో తనే నవ్వుకుంటున్నాడు. ఆ గేటు దాటితే అంత మామూలుగా ఉంది తిరుపతి.

ఎస్సై తిట్టలేదు, కొట్టలేదు, అదే ఎక్కువ భయం వేసింది. భోజనానికి పోతూ నింపాదిగా చెప్పాడు. "నేను తినేసి వచ్చేలోపల ఆలోచన చేసుకోప్పా. ఎవురు రాసినారో పేరు చెప్పు, ఇంటికి పో. లేదంటావా, నేనే రాసినానని రాసియ్యి. మూడో దారి లేదు." ఆ మాట అంటూ సీపీయూ నెత్తిన అరచేత్తో ఒకటి చరిచాడు, ఏ ఎద్దునో బేరం చేసి వదిలేసినట్టు.

రాసింది ఉత్తరం. ఉత్తరమంటే కాగితం కాదు, మెయిలు. హైదరాబాదులో ఎవరో పెద్ద అధికారికి పోయింది. పైకి పోయింది పైనే ఉండాలి కదా, అక్కడ ఏ చేతులు మారిందో, అచ్చయి, మడతలు పడి, మళ్ళీ తిరుపతికే వచ్చి నర్సింగ్ కాలేజీ కరస్పాండెంటు బల్ల మీద పడింది. ఎవరి మీద రాశారో ఆయన బల్ల మీదే. కల్యాణ మంటపాలున్న మనిషి, ఎన్నికలకి జీపులిచ్చే మనిషి. ఉత్తరం కింద పేరు లేదు. కానీ అది ఏ గుమ్మంలోంచి బయటికి వచ్చిందో ఆ నంబరు మెయిలు నుదుటి మీదే ఉంది, టెలిఫోను వాళ్ళని అడిగితే నంబరుకి ఇల్లు దొరికింది. మునికుమార్, తండ్రి మునిరామయ్య, నెట్ సెంటరు, మేడ మీద. నాయన పేరు కూడా చదివారు వీళ్ళు, ఆ పేరు ఈ గోడల మధ్య వినపడగానే మునికుమార్‌కి చెవులు కాలాయి.

పొద్దున ఎస్సైకి విడమరిచి చెప్పడానికి తల ప్రాణం తోకకొస్తుందనుకున్నాడు, రాలేదు, ఆయన చురుకైనవాడు. ఎనిమిది మిషన్లుండాయి సార్, బయటికి పోయే లైను మాత్రం ఒకటే, ఎవురేమి అడిగినా ముందు ఈ డబ్బాను అడగతారు, ఇది వాళ్ళ బదులు బయటికి పోయి తెచ్చిస్తాది, ప్రాక్సీ అంటారు సార్ దీన్ని, బయటోళ్ళకి కనపడేది ఇదొక్కటే, లోపల కూర్చున్నోళ్ళు కనపడరు. "అంటే ఈ స్టేషన్లో ఎవురు రాసినా తపాలు నా సీలుతో పోతాది సూడు, అట్లనా?" అన్నాడు ఎస్సై. అట్లనే సార్. "మరి సీలు ఎవురిదో వాడే గదప్పా జవాబుదారి." సరే, ఏమి పోయిందో డబ్బాలో ఉంటుంది కదా చూపించు అన్నాడు. మామూలు పేజీ అయితే ఉండేది సార్, ఇది తాళమేసిన పేజీ. దానికి డబ్బాను అడిగేది ఒకటే మాట, ఫలానా చోటికి దారి ఇయ్యి అని. దారి ఇచ్చేసి ఇది పక్కకి తప్పుకుంటాది. ఆ తరువాత ఆ మిషనుకీ ఆ దూరపు ఊరికీ మధ్య నడిచే మాటలన్నీ దీంట్లో నుంచే పోతాయి గానీ దీనికి ఒక్క ముక్క అర్థం కాదు. ఎస్సై వేలు డబ్బా మీదనుంచి అతని మీదికి తిప్పాడు. "నీకు అర్థం కాలేదంటావు, నీ చేతుల మీదుగా పోయిందంటావు. బాగుండాదప్పా."

బాగుంది. బాగుందనే అనుకున్నాడు తనూ, ఆ పిల్లకి చూపించిన రోజు ఎంత గొప్పగా చూపించాడు. జయంతి. ఆ నర్సింగ్ కాలేజీ హాస్టల్లో ఉండే నగరి పిల్ల, ఇంట్లో రెండు మరమగ్గాలు, పక్కింటివాళ్ళు మాట్లాడినా వినపడనంత చప్పుడన్నా మా ఇంట్లో అని ఒకసారి చెప్పింది, అందుకేనేమో ఎప్పుడూ కొంచెం గట్టిగా మాట్లాడేది. ఆ రోజు మాత్రం గుసగుసగా అడిగింది. గోడ పక్కనున్న మిషను కావాలంది. కూర్చుంది, లేచింది, కర్టెను లాక్కుంది, మళ్ళీ తలుపు దాకా వచ్చి, "అన్నా, ఈడ రాసేది ఎవురికన్నా కనపడతాదా?" అంది. అప్పుడైనా ఎందుకమ్మా అని అడగలేదు, అడగకపోవడం మర్యాద అనుకున్నాడు. పక్కన వంగి, పైన అడ్రసులో ఎస్ అనే ఒక అక్షరం కలిపి కొట్టించాడు, పేజీ మళ్ళీ తెరుచుకుంది, కింద మూలన పసుపుపచ్చ తాళం బొమ్మ వచ్చింది. వేలు పెట్టి చూపించాడు. "ఈ బొమ్మ ఉన్నంతసేపు ఆ దేవుడు దిగొచ్చినా సూడలేడు. నాక్కూడా కనపడదమ్మా." ఆ పిల్ల ఆ బొమ్మని చూసి నిజంగానే ఊపిరి వదిలింది. అబద్ధం చెప్పలేదు కదా తను. ఒక్క మాట కూడా అబద్ధం లేదు. తాళం అంత గట్టిదే. గుమ్మం మీద నంబరు సంగతే తట్టలేదు, ఇంటి నంబరు ఇంట్లోవాడికి ఎందుకు తడుతుంది.

కాసేపటికి పిలిచింది, పంపేది ఎక్కడ నొక్కాలో తెలియలేదట. చూడకూడదనుకుంటూనే చూశాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. మూడు వాక్యాలు కంటబడ్డాయి, మూడూ ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి. నా రూమ్మేట్ ఐశ్వర్య కడుపునొప్పితో చనిపోలేదు. కరస్పాండెంటు సార్ గెస్టురూముకి పిలిపించిన మరుసటి రోజు జుట్టుకేసే రంగు కలుపుకొని తాగింది. ఈ వారం ఇంకో అమ్మాయిని పిలిచినారు. నొక్కాల్సిన చోటు చూపించి వచ్చి తన కుర్చీలో కూర్చుంటే తన తెర మీద ఉన్నది ఒక్క వరుస, ఫలానా చోటికి దారి ఇవ్వబడినది. దాని పైనా కిందా అలాంటివే వరుసలు. ఒక బిడ్డ చావు ఏ వరుసో తెలియదు చూసేవాడికి.

ఐశ్వర్య. అయ్యో, ఆ పిల్ల. జయంతితో కలిసి వచ్చేది, వాళ్ళన్నకి పుట్టినరోజు కార్డు పంపడానికి, ఎలుగుబంట్లు డాన్సు చేసే కార్డు, అది తెరుచుకోడానికి యుగం పట్టేది, తెరుచుకోగానే పకపకా నవ్వేది. "అన్నా, నీ ఎలుగుబంటికి కాళ్ళనొప్పులా?" జుట్టు రంగు తాగితే గొంతు వాస్తుందట. మాట రాదట. చిన్న ప్యాకెట్టు, ఏ కిరాణా కొట్లోనైనా సబ్బుల పక్కనే వేలాడుతూ ఉంటుంది, ఈ జిల్లాలో ఎంతమంది ఆడవాళ్ళు దాన్ని నీళ్ళలో కలుపుకున్నారో. మాట రాకుండా పోయింది, పోయాక కడుపునొప్పి అని రాసేశారు. ఆ పోయిన మాటనే కదా జయంతి గోడ పక్కన కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. దాన్ని మోసింది నేను. మోసినవాడిని తెచ్చి కూర్చోబెట్టారు ఇక్కడ.

మోయడం నాయన పని. చంద్రగిరి కోట వెనక మడిచెక్క, వేరుశనగ, ఆయన బతుకంతా అదే, కానీ పల్లెల్లో ఆయనకున్న పేరు వేరు. కొండకి పోలేనివాళ్ళు, ముసలాళ్ళు, పురుడొచ్చినవాళ్ళు, మోకాళ్ళు పోయినవాళ్ళు, మొక్కుకున్న ముడుపుని పసుపు గుడ్డలో మూటగట్టి తెచ్చి మునిరామయ్య చేతికిచ్చేవాళ్ళు. శ్రీవారి మెట్టు మీదుగా నడిచి పోయేవాడు, ముడుపులన్నీ పంచెలో కట్టి నడుముకి బిగించి. విప్పడు. ఎందుకు మొక్కుకున్నావని అడగడు. హుండీ ముందు నిలబడి ఒక్కో మూటా లోపలికి జారవిడుస్తూ పెదాలు కదిలించేవాడు, ఫలానా ఊరు, ఫలానావాళ్ళ బిడ్డ, ఫలానా ఆమె పంపింది సామీ. వెనకనుంచి జనం తోసేస్తున్నా, కదలండి కదలండి అని అరుస్తున్నా, ఆ పేర్లు పూర్తయ్యేదాకా కదిలేవాడు కాదు. ఒకసారి తనకీ ఇచ్చాడు, చిన్నవాడు కదా, ముచ్చటపడతాడని. తిరుమలమ్మ ముడుపు. కొడుక్కి జబ్బు చేసి మొక్కుకుంది. హుండీ దగ్గరికొచ్చేసరికి ఆ తోపులాటకి, ఆ గంటలకి బుర్ర తిరిగిపోయి, మూట జారవిడుస్తూ, సామీ నేను పరీక్ష పాసు కావాల అనేశాడు. దిగేటప్పుడు నాయన అడిగాడు, పేరు చెప్పినావా అని. చెప్పలేదని చెబితే కొడతాడనుకున్నాడు. కొట్టలేదు. మెట్టు మీద కూలబడ్డాడు. "ఆమె మొక్కును నీ మొక్కు జేసుకొంటివి గదరా," అన్నాడు. అని లేచి, ఆ పగిలిన కాళ్ళతో మళ్ళీ పైకెక్కి, మళ్ళీ ఆ వరసలో నిలబడి, ఉత్త చేతులతో హుండీ ముందు తిరుమలమ్మ పేరు చెప్పి వచ్చాడు. ఆ ఏడే పోయాడు తిరుమలమ్మ కొడుకు. దానికీ దీనికీ సంబంధం లేదని మునికుమార్‌కి తెలుసు. తెలిసి ఏం లాభం, ఆమె ఉండే వీధిలో నడవాల్సొస్తే ఇప్పటికీ చుట్టు తిరిగి పోతాడు.

దేవరాజులు మంచినీళ్ళ చెంబు తెచ్చాడు. ఈయన కూతురి ఇంటర్ రిజల్టు తనే చూసి పెట్టాడు పోయినేడు, ఫస్టుక్లాసని చెబితే మిషనుకి దణ్ణం పెట్టాడు. "పేరు చెప్పేయబ్బా," అన్నాడు మెల్లగా, చెంబు అందిస్తూ. "హాస్టలు పిల్లే గదా ఎవురో. నీకేమన్నా సుట్టమా, బంధువా? పెళ్ళాము గలోడివి." నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, ఇనుము వాసన. అవును, చుట్టమేమీ కాదు. పెళ్ళాం పల్లవి ఈపాటికి షాపు దగ్గరికి వచ్చి ఉంటుంది, క్యారియరు పట్టుకుని, షట్టరు దించి ఉంటే కింద టీకొట్టు వాళ్ళని అడుగుతుంది, వాళ్ళు చెప్పేస్తారు, జీపు అనే మాట ఎలా చెప్తారో ఏమో. పేరు మూడక్షరాలు. నోరు తెరిస్తే పని అయిపోతుంది. సాయంత్రానికి షాపు తెరుచుకోవచ్చు. చెప్పేద్దాం అనుకున్నాడు, నిజంగానే అనుకున్నాడు, నాలుక అంచున జ దాకా వచ్చింది, వెంటనే ఆ గోడ పక్క మిషనూ కర్టెనూ గుర్తొచ్చి దాన్ని నీళ్ళతో పాటు మింగేశాడు. చెబితే? రేపే హాస్టల్లోంచి పెట్టె బయట పడేస్తారు. ఎల్లుండి నగరిలో ఆ మగ్గాల చప్పుడు ఆపించి మరీ తల్లికి చెబుతారు, నీ కూతురు ఎలాంటిదో. ఆ తరువాత ఏ కిరాణా కొట్లో సబ్బుల పక్కన ఏమి వేలాడుతుంటుందో జయంతికి తెలుసు కదా. నాక్కూడా కనపడదమ్మా అని చెప్పింది ఎవరు. ఆ మాట మీదే కదా రాసింది.

అయితే నేనే. నేనే రాశానంటే? బయటివాళ్ళకి కనపడేది ఇదొక్కటే సార్ అని పొద్దున తనే చెప్పాడు, నిజమే కదా, బయటికి పోయిందంతా నా పేరు మీదే పోయింది, పాటలూ పోయాయి, ఎలుగుబంట్లూ పోయాయి, ఇదీ పోయింది. ఏం చేస్తారు, కొడతారు, కేసు పెడతారు, షాపు పోతుంది. పోనీ. ఈ పొట్టికాలు బెంచీ మీద కూర్చున్నప్పటినుంచీ మొదటిసారి ఒళ్ళు వదులైంది. బెంచీ కిర్రుమంది, రైటరు చూశాడు, చూడనీ. మెట్టు మీద చివరి మలుపు తిరిగాక తగిలే గాలి లాంటిది ఏదో ముఖానికి తగిలినట్టయింది. నాయన కూడా ఇంతకన్నా ఏం మోసుంటాడు అనుకున్నాడు, అనుకోగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కాస్త గర్వంగా కూడా ఉంది, ఎందుకు దాచాలి, గర్వంగానే ఉంది.

ఎస్సై వక్క నములుతూ వచ్చాడు. కుర్చీ లాక్కున్నాడు. "ఏమప్పా?"

"నేనే రాసినాను సార్."

ఎస్సై ఆశ్చర్యపోలేదు. అరవలేదు. మంచి పిల్లవాడివి అన్నట్టు తలాడించి, రైటరుకేసి కాగితం తెమ్మని సైగ చేశాడు. "కాలేజీలో కంప్యూటర్లు బాగుచేసే పని అడిగినావు. వాళ్ళియ్యలేదు. ఆ కడుపుమంటతో లేనిపోనివన్నీ కల్పించి రాసినావు. అంతేనా?" ఏదో ఒక కారణం కావాలి కాబోలు అనుకున్నాడు మునికుమార్, అంతే సార్ అన్నాడు. రైటరు రాశాడు. సంతకం చెయ్యమన్న చోట చేశాడు, అక్షరాలు కుదురుగా వచ్చాయి, అందుకు సంతోషపడ్డాడు కూడా. ఎస్సై ఫోను దగ్గరికి లాక్కుని నంబరు తిప్పాడు. గొంతు మారిపోయింది, మెత్తబడింది.

"సార్, నమస్కారం సార్. అయిపోయినాది. ఆ నెట్టుసెంటరోడే రాసినాడంట. ఆ, సంతకం పెట్టినాడు. పిల్లా లేదు, పాడూ లేదు సార్, అంతా వాడి కల్పనే. హైదరాబాదుకి నేనీ పొద్దే రాసి పంపిస్తా, ఎంక్వయిరీకని ఎవురూ రావాల్సిన పన్లేదు. మీరు నిమ్మళంగా ఉండండి."

ఆ మాటలు చెవిలో పడుతున్నా లోపలికి దిగడానికి కొంతసేపు పట్టింది. ఎంక్వయిరీ. రావాల్సినవాళ్ళు ఎవరో ఉన్నారన్నమాట, ఆ మెయిలు ఎక్కడో ఒకచోట తగిలిందన్నమాట, ఎవరో రైలెక్కి వచ్చేవాళ్ళన్నమాట. బెంచీ మీదనుంచి లేచాడు. "సార్, అట్ల కాదు సార్. రాసింది నిజమే సార్."

"నిజమని నీకెట్ల తెలుసు?" ఎస్సై ఫోను పెట్టేసి శాంతంగా అడిగాడు. "ఆడోళ్ళ హాస్టల్లో నువ్వుండినావా? సూసినావా? నీకు చెప్పిందెవురు?"

నోరు తెరుచుకుంది. ఆ ప్రశ్నకి ఉన్నది మూడక్షరాల జవాబే. మూసుకుంది. ఇప్పుడర్థమైంది ఎస్సై పొద్దుననుంచీ కోపం ఎందుకు తెచ్చుకోలేదో, ఈ రెండు దార్లూ పోయి పోయి ఆ కరస్పాండెంటు గుమ్మానికే చేరతాయి, పేరు చెబితే పిల్ల దొరుకుతుంది, చెప్పకపోతే ఉత్తరం అబద్ధమవుతుంది. ఈ ఊళ్ళో ఇక ఐశ్వర్య కడుపునొప్పితోనే చచ్చిపోయింది. తన సంతకంతో.

గేటు దగ్గర ఏదో గొడవ. దేవరాజులు గొంతు, వద్దమ్మా, యాడికి, నిలబడు. ఆ తరువాత ఇంకో గొంతు, మగ్గాల చప్పుడు మీదుగా మాట్లాడి అలవాటైన గొంతు. "ఆయన్ని ఎందుకు పట్టుకొస్తిరి? ఆ డబ్బా ఆయనది, అంతే. రాసింది నేను." గడప మీద జయంతి. తెల్ల యూనిఫారం, చేతికున్న వాచీ తప్ప వెంట ఏమీ తెచ్చుకోలేదు, పరుగెత్తి వచ్చినట్టుంది. టీకొట్టు వాళ్ళు చెప్పుంటారు. ఇంత ధైర్యం ఈ పిల్లకి ఎక్కడిది, మగ్గాల మధ్య పెరిగిన ఇంత పిల్లకి, నేను లెక్కలోకి తీసుకోనేలేదే, కాపాడాలనుకున్నాను గానీ అడగాలనుకోలేదే.

ఎస్సై ఆమెని కిందినుంచి పైదాకా చూశాడు. "ఆలస్యమైందమ్మా. రాసినోడు ఒప్పుకున్నాడు, సంతకం పెట్టినాడు. ఇప్పుడొచ్చి నువ్వు నేను రాసినానంటే ఏమనుకోవాల? వాణ్ణి ఇడిపించుకునేదానికి వచ్చినావా? ఏంది నీకూ వాడికీ?"

రైటరు నవ్వాడు. జయంతి వాళ్ళెవరినీ చూడలేదు, మునికుమార్ కేసి తిరిగింది. కోప్పడుతుందనుకున్నాడు. ఆ ముఖంలో కోపం లేదు, అర్థం కాకపోవడం ఉంది. "అది నాది గదన్నా," అంది. "ఐశ్వర్య కోసరం నేను రాసింది గదా. నువ్వెట్ల నీదంటివి?"

అతనికి మెట్టు మీద కూలబడిన నాయన కనపడ్డాడు. ఇప్పుడు మళ్ళీ పైకెక్కి పేరు చెప్పి రావడానికి ఏ కొండ ఉంది. తలెత్తలేకపోయాడు. ఆ పిల్లే బల్ల దగ్గరికి నడిచింది, దాని మీద రెండు చేతులూ ఆనించి, సీపీయూ పక్కన నిలబడి, ఎవరూ అడగకుండానే గట్టిగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. "రాసుకోండి. జయంతి. నగరి. పంకజాక్షి కూతురిని."

ఎస్సై అప్పటికే కలానికి మూత పెట్టేశాడు.